డైలాగులన్నీ చేతుల్లోనే!

'అవతార్' రెండో భాగం మీలో చాలామంది చూసే ఉంటారు. 2022 డిసెంబరులో మన హాళ్లలో తెలుగు మాటలతోనే ఆడింది కదా! అందులో సముద్రం ఒడ్డున బతికే మెట్‌కయినా తెగ వాళ్లు నీళ్లలో మునిగాక చేతులతో మాట్లాడుకుంటారు. ఆ సైగలు డాన్సు మాస్టరు సెట్టు మీద అప్పటికప్పుడు కల్పించినవనుకుంటున్నారా? కావు. సీజే జోన్స్ అనే నటుడు ఆ సినిమా కోసం తయారుచేసిన భాష అది. ఆయనకు చెవులు వినబడవు. సైగల భాషే ఆయన సొంత భాష. నటీనటులు ఆ సైగలు నేర్చుకుని, ఒంటికి చుక్కల సూట్లు తొడుక్కుని, పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకుల్లో దిగి నటించారు. వాళ్ల కదలికలను కెమెరాలు, కంప్యూటర్లు పట్టుకుని నీలిరంగు శరీరాలకు తగిలించాయి. దీన్నే మోషన్ క్యాప్చర్ అంటారు.

ఈ విద్య మనకు మరీ కొత్తదేం కాదు. 2002లో 'ది టూ టవర్స్'లో గొల్లమ్ అనే బక్కపీనుగు జీవికి ఆండీ సెర్కిస్ తన ఒంటి కదలికలు ఇలాగే ఇచ్చాడు. 2014లో మన రజనీకాంత్ 'విక్రమసింహ' వచ్చింది. నడకలో స్టైలుంది గానీ ముఖంలో ప్రాణం తగ్గిందని అప్పట్లో మనవాళ్లు పెదవి విరిచారు. ఆ పెదవి విరుపుని కాస్త గుర్తుపెట్టుకోండి. దానితో మనకు ముందు ముందు పనుంది.

ఇదే సూటుని, ఇవే కెమెరాలని ఫైట్లకీ పాటలకీ కాకుండా, పసిపిల్లలకు భాష అందించడానికి వాడే చోటొకటి అమెరికాలో ఉంది. వాషింగ్టన్ నగరంలోని గాలొడెట్ యూనివర్శిటీ. బధిరుల కోసం కట్టిన విద్యాలయం. మొన్న ఆ ఊరు వెళ్లినప్పుడు వైట్‌హౌస్ చూడటం వాయిదా వేసి మరీ అక్కడికి బయల్దేరాను.

కంచు గురువు, కంచు శిష్యురాలు

యూనియన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టాపే నోమా–గాలొడెట్. దిగి ఫ్లోరిడా ఎవెన్యూ పట్టుకుని నడిస్తే ఎర్రరాయి, ఇటుకల పాత భవనాలు, గడియారం గోపురం, పచ్చిక మైదానం కనబడతాయి. ఈ జాగాను కెండాల్ గ్రీన్ అంటారు. ఏమస్ కెండాల్ అనే ఆయన ఇచ్చిన స్థలంలో 1857లో చిన్న స్కూలుగా మొదలైంది. 1864లో అధ్యక్షుడు లింకన్ డిగ్రీలిచ్చే కాలేజీగా గుర్తిస్తూ సంతకం పెట్టాడు. ఈనాటికీ ఇక్కడి పట్టా మీద అమెరికా అధ్యక్షుడి సంతకం ఉంటుంది.

లోపల ఒక విగ్రహం చూశాను. కుర్చీలో కూర్చున్న గురువు, పక్కన నిలబడి ఆయన ముఖంలోకి చూస్తున్న చిన్నపిల్ల. థామస్ గాలొడెట్, ఆయన మొదటి శిష్యురాలు ఆలిస్ కాగ్స్‌వెల్. ఇద్దరి చేతులూ 'ఏ' అక్షరం పడుతున్నాయి. 1889 నాటి శిల్పం. మలిచినవాడు డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

అన్నట్టు, సైగల భాష ప్రపంచమంతా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదండోయ్! థామస్ గాలొడెట్ 1816లో ఫ్రాన్సు నుంచి లోరాన్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుడిని వెంటబెట్టుకొచ్చాడు. మరుసటేడు హార్ట్‌ఫర్డ్‌లో స్కూలు పెట్టారు. అందుకే అమెరికా సైగలకు ఫ్రెంచి సైగలతో చుట్టరికం. ఇంగ్లీషు మాట్లాడే ఇంగ్లండు సైగలతో మాత్రం పొత్తు కుదరదు. మన భారతీయ సంజ్ఞా భాష మళ్లీ వేరు.

క్యాంపస్‌లో నాకు ముందుగా తోచింది నిశ్శబ్దం కాదు, సందడి! మేడ మీది కిటికీలోంచి ఒకమ్మాయి కింద పచ్చికలో ఉన్న స్నేహితురాలితో కబుర్లాడుతోంది. మనమైతే గొంతు చించుకోవాలి. వాళ్లకి మధ్యలో వెలుతురుంటే చాలు. 2008లో కట్టిన సోరెన్సన్ భవనాన్ని ఈ లెక్కతోనే కట్టారు. నడుస్తూ మాట్లాడుకోవాలంటే పక్కపక్కన నడుస్తూ ఒకరినొకరు చూసుకోవాలి కదా, అందుకని వెడల్పాటి దారులు. ఎవరొస్తున్నారో కనబడాలని గాజు. మన సినిమా వాళ్లు లైటింగు గురించి పడే తాపత్రయం ఇక్కడ మేస్త్రీలు పడ్డారన్నమాట.

మొదటి రీళ్లు

సినిమా పత్రిక చదివే మీకు అసలు నచ్చే కథ ఇప్పుడు చెబుతాను. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర పిల్లల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. స్కూళ్లలో సైగలు మాన్పించి నోటితోనే మాట్లాడించాలని అక్కడ తీర్మానించారు. సభలో ఉన్నవాళ్లంతా దాదాపుగా చెవులు వినబడేవాళ్లే! దాంతో దేశదేశాల్లో స్కూళ్ల నుంచి సైగలు తరిమేశారు. చేతులు కదిపిన పిల్లలకు శిక్షలు పడ్డాయి.

అప్పుడే సినిమా పుట్టింది. అమెరికా బధిరుల జాతీయ సంఘానికి 1910 దాకా అధ్యక్షుడిగా ఉన్న జార్జి వెడిట్జ్ అనే ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గొప్పగా సైగలు చేసే పెద్దవాళ్లు వెళ్లిపోకముందే వాళ్లను ఫిల్ము మీదికి ఎక్కిద్దాం అన్నాడు. సంఘం ఊరూరా చందాలు పోగుచేసి, 5,000 డాలర్ల నిధితో సినిమాలు తీసింది. వాటిలో 1913లో వెడిట్జ్ స్వయంగా నటించిన, కాదు, ఉపన్యసించిన సినిమా ఒకటుంది. సైగల భాషను కాపాడుకోవాలన్నదే దాని విషయం. ఒకటే మనిషి, ఒకటే కెమెరా, కట్లు లేవు, క్లోజప్పులు లేవు. పద్నాలుగు నిమిషాలు. శబ్దం అవసరం లేని సినిమా! 2010లో దాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర నిధిలో చేర్చారు.

మూకీల కాలం బధిరులకు స్వర్ణయుగం. హాల్లో అందరూ సమానమే. గ్రాన్‌విల్ రెడ్‌మండ్ అనే బధిర చిత్రకారుడు చాప్లిన్‌కి స్నేహితుడు. ఆయనకు సైగలు నేర్పాడు. 'సిటీ లైట్స్'లో శిల్పి వేషం కూడా కట్టాడు. 1927 తర్వాత టాకీలు వచ్చాయి, మధ్యలో రాసి చూపించే అట్టలు పోయాయి, బధిరులకు హాలు తలుపులు మూసుకుపోయాయి. మనం పండగ చేసుకున్న టాకీ వాళ్లకి కర్ఫ్యూ అయింది.

కనుక కెమెరాతో భాషను కాపాడుకోవడం ఈ మనుషులకు కంప్యూటర్లతో మొదలవలేదు. మోషన్ క్యాప్చర్ వాళ్లకి రెండో రీలు.

సైగల్లో సంధులు

ఫిల్ము ఉండగా మళ్లీ ఈ చుక్కల సూటు ఎందుకు? దీనికి జవాబు కావాలంటే సైగలో ఏముందో తెలియాలి.

1960 దాకా పండితులు సైగల్ని భాషగా ఒప్పుకోలేదు, మూకాభినయం అన్నారు. గాలొడెట్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే విలియం స్టోకీ అనే ఆయన ఆ సంవత్సరం ఒక పుస్తకం వేశాడు. ప్రతి సైగా చిన్న చిన్న ముక్కలతో తయారవుతుందని చూపించాడు. చేతి ఆకారం, అది నిలిచే చోటు, కదిలే తీరు. మన మాటల్లో అచ్చులు, హల్లులు ఉన్నట్టన్నమాట. ఉదాహరణకి అమెరికా సైగల్లో ఐదు వేళ్లూ చాచి బొటనవేలు గడ్డానికి తాకిస్తే 'అమ్మ'. అదే చేతిని నుదుటికి తాకిస్తే 'నాన్న'. జానెడు దూరంలో అమ్మ నాన్నయిపోతుంది!

చేతులే కాదు. కనుబొమలు ఎత్తితే 'అవునా, కాదా' అనే ప్రశ్న. ముడిస్తే 'ఎవరు, ఎక్కడ, ఎందుకు'. మన కూచిపూడిలో అభినయం పాటకు అందం. ఇక్కడ ముఖం అందం కోసం కాదు, వ్యాకరణం కోసం. 'ఇవ్వు' అనే సైగ ఇచ్చేవాడి వైపు నుంచి పుచ్చుకునేవాడి వైపు నడుస్తుంది. దిక్కు మారితే కర్త, కర్మ తారుమారు.

ఇదంతా మామూలు వీడియోలో కనబడుతుంది, నిజమే. కానీ వీడియో తీసింది తీసినట్టే ఉంటుంది. 'అతను నాకు ఇచ్చాడు' అని తీసిన ముక్కను 'నేను అతనికి ఇచ్చాను' అని మార్చలేం. రెండు ముక్కలు అతికిస్తే చెయ్యి గెంతుతుంది. మోషన్ క్యాప్చర్ బొమ్మను తీయదు, కదలికను తీస్తుంది. దాన్ని ఏ బొమ్మకైనా తొడగొచ్చు, ఏ పక్కనుంచైనా చూడొచ్చు, దిద్దొచ్చు, కొత్త వాక్యంలో పెట్టొచ్చు. సైగల్ని తయారుచేయడానికి దీన్ని వాడాలని శాస్త్రవేత్తలు ఉబలాటపడేది ఇందుకే.

వేలు వేలుకీ డూపు

పని ఎలా జరుగుతుందంటే... సైగలు చేసే మనిషి ఒంటికి బిగుతు సూటు. దాని మీద కీళ్ల దగ్గర వెలుతురు తిప్పికొట్టే చిన్న చిన్న బంతులు. చుట్టూ పందిరి గుంజల్లా కెమెరాలు. అవి కంటికి కనబడని పరారుణ కాంతిని చిమ్ముతాయి. బంతులు తప్ప వాటికి ఇంకేం కనబడదు. ఒకే బంతిని రెండు మూడు కెమెరాలు చూస్తే అది గదిలో సరిగ్గా ఎక్కడుందో లెక్క తేలుతుంది. సెకనుకు వందసార్లకు పైగా ఈ లెక్క కట్టొచ్చు. చుక్కల్ని కలుపుకుంటూ కంప్యూటరు ఒక అస్థిపంజరాన్ని నిలబెడుతుంది. దానికి బొమ్మ చర్మం తొడుగుతారు.

ఫైటు సీనుకైతే ఇది హాయి. మోచెయ్యి, మోకాలు, తల దొరికితే చాలు. సైగలకొచ్చేసరికి ప్రాణం మీదికొస్తుంది. వేళ్లన్నీ కావాలి. అవి ఒకదానికొకటి అడ్డం వస్తాయి, పిడికిలి బిగిస్తే చుక్కలు మాయం, రెండు చేతులూ ముడిపడితే ఏ చుక్క ఎవరిదో కంప్యూటరుకు తికమక. అందుకని కొన్నిచోట్ల వేళ్లకు సెన్సార్ల గ్లౌజులు తొడుగుతారు. ముఖానికి వేరే కెమెరా పెడతారు. ఆ తర్వాత ఆనిమేటర్లు రోజుల తరబడి కూర్చుని చిరిగిన కదలికలకు అతుకులేస్తారు.

ఈ పని ఎక్కడిదాకా వెళ్లి ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే కాసేపు అట్లాంటిక్ దాటి ఇంగ్లండు వెళ్లొద్దాం. 2000 ప్రాంతంలో అక్కడి పోస్టాఫీసుల్లో 'టెస్సా' అని ఒక ఏర్పాటు చేసి చూశారు. ఈస్ట్ ఆంగ్లియా యూనివర్శిటీ వాళ్లు అందులో పాలుపంచుకున్నారు. కౌంటరు గుమాస్తా మైకులో మాట్లాడితే తెర మీద బొమ్మ బ్రిటిష్ సైగల్లో చెబుతుంది. ఆ కదలికలన్నీ గ్లౌజులు, ఒంటి మీది సెన్సార్లు, ముఖం ముందు కెమెరాతో ముందుగానే పట్టి ఉంచినవి. స్టాంపులు, పార్శిళ్ల గురించిన కొన్ని వందల వాక్యాల వరకూ బొమ్మ చక్కగా పలికేది. జాబితాలో లేని మాట గుమాస్తా అన్నాడో, బొమ్మ దగ్గర సరుకు లేదు. పోనీ సైగ సైగకీ విడిగా పట్టి ఉంచి దండ గుచ్చేద్దామా అంటే, సైగకీ సైగకీ మధ్య సంధి ఉంటుంది! ముందు సైగ చివర చెయ్యి ఎక్కడుందో దాన్నిబట్టి తర్వాతి సైగ మొదలు మారిపోతుంది. సంధి కలపకుండా ఒక్కో పదం విడివిడిగా చదివే పిల్లాడి పద్యంలా ఉంటుంది ఆ దండ.

పసివాళ్ల ఉంగా ఉంగా

మళ్లీ గాలొడెట్‌కి వద్దాం. ఇక్కడ మోషన్ లైట్ ల్యాబ్ అని ఒకటుంది. మెలిస్సా మాల్జ్‌కున్ అనే ఆవిడ దీన్ని స్థాపించారు. ఆవిడది మూడు తరాలుగా బధిర కుటుంబం. పిల్లల కథలను సైగల్లోనూ ఇంగ్లీషులోనూ చూపించే యాప్‌లు ఈ ల్యాబ్‌లో తయారయ్యాయి. మొదటిది 2013లో వచ్చిన 'ది బేయోబాబ్'. సైగల్లో పాటలు పాడే బొమ్మలకు మోషన్ క్యాప్చర్ వాడే పని కూడా ఇక్కడ జరిగింది.

పిల్లల కోసం ఇంత ఆరాటం ఎందుకు? అమెరికాలో బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినబడే అమ్మానాన్నలకే పుడతారు. ఆ తల్లిదండ్రులకు సైగలు రావు. బిడ్డకు మాట వినబడదు. ఇంట్లో అందరూ ఉండి కూడా ఆ బిడ్డకు భాష లేదు. మెదడు భాషను ఆబగా పీల్చుకునే మొదటి ఏళ్లు అలా జారిపోతే మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం.

ఇందులో మోషన్ క్యాప్చర్ చేసిన ఒక తమాషా పని ఉంది. తర్వాతి కాలంలో గాలొడెట్‌కి వచ్చిన లారా ఆన్ పెటిటో అనే శాస్త్రవేత్త, 2001లో తన తోటివారితో కలిసి ఆరుగురు పసివాళ్ల చేతుల కదలికల్ని ఇలాంటి యంత్రంతోనే కొలిచింది. ఆరుగురికీ చెవులు వినబడతాయి. ముగ్గురి తల్లిదండ్రులు మాట్లాడేవాళ్లు, ముగ్గురి తల్లిదండ్రులు సైగలు చేసే బధిరులు. మామూలు పిల్లలు సెకనుకు రెండున్నర సార్ల చొప్పున చేతులు ఆడించారు. సైగల ఇంటి పిల్లలు ఆ ఆటతోపాటు ఇంకొక నెమ్మది లయ కూడా పట్టారు, సెకనుకు ఒకటి. అది ఉత్త ఆట కాదు, చేతులతో చేసే 'ఉంగా ఉంగా'! నోటితో అత్త, తాత అని పలికినట్టే చేతులతో అక్షరాలు దిద్దుతున్నారన్నమాట.

ఆ తర్వాత 2018 ప్రాంతంలో ఆవిడ బృందం, ఇతర యూనివర్శిటీల వాళ్లతో కలిసి ఒక ఏర్పాటు చేసింది. బల్ల మీద చిన్న రోబో, పక్కన తెర మీద సైగల్లో పాట పాడే బొమ్మ. బిడ్డ ముఖంలోని వేడిని కెమెరా చూస్తుంది. బిడ్డ శ్రద్ధగా ఉన్నాడని తెలిసిన క్షణాన రోబో తల తిప్పి పలకరిస్తుంది, బొమ్మ సైగలు మొదలెడుతుంది. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య పిల్లల కోసం ఇది. అమ్మకు సైగలు వచ్చేలోగా బిడ్డ ఆకలితో ఉండకూడదని.

కాఫీ కొట్లో విమర్శకుడు

క్యాంపస్‌కి కాస్త దూరంలో హెచ్ వీధిలో ఒక స్టార్‌బక్స్ ఉంది. 2018లో తెరిచారు. కౌంటరు దగ్గర సైగలతోనే ఆర్డరు చెప్పాలి. రానివాళ్లు రాసి చూపించొచ్చు. నేను రాసి చూపించాను. పక్క బల్ల దగ్గర ఒక విద్యార్థి, మూడో సంవత్సరం చదువుతున్నాడు, నా అవస్థ చూసి నవ్వి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం ఫోన్లలో రాసుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నాం.

సైగలు ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. ఆరేళ్లకి అన్నాడు. ఇంట్లో అందరికీ చెవులు వినబడతాయి. "అప్పటిదాకా మా ఇంట్లో నేను చుట్టాన్ని. అన్నాల దగ్గర అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. ఎందుకో తెలిసేది కాదు" అని రాసి ఫోను నా వైపు తిప్పాడు.

నా ఫోనులో సైగలు చేసే కంప్యూటర్ బొమ్మ వీడియో ఒకటుంటే చూపించాను. ఎవరు తయారుచేశారో వదిలేద్దాం. నా కంటికి చేతులు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. అతను రెండుసార్లు చూసి, మూడోసారి చేతులకు అడ్డంగా తన అరచెయ్యి పెట్టి ముఖం ఒక్కటే చూశాడు.

"ఇది ప్రశ్న అడుగుతోంది. కనుబొమలు లేవలేదు. 'నీకు నొప్పిగా ఉందా' అనాల్సింది 'నీకు నొప్పిగా ఉంది' అయింది. ఆస్పత్రిలో ఇలాంటిది పెడితే ఏమవుతుంది?" అని రాశాడు.

ఒళ్లు జలదరించింది. 'విక్రమసింహ'లో ముఖం బిగుసుకుపోతే మనకు పోయింది టికెట్టు డబ్బులు. ఇక్కడ పోయేది ప్రశ్నార్థకం!

పోనీ, ముఖం కూడా సరిగ్గా పట్టే కెమెరాలొస్తే నీకు సమ్మతమేనా అన్నాను. అతను కాసేపు ఆలోచించి రాశాడు. "రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం మారిందని చెప్పడానికి, పిల్లలకి పాట చెప్పడానికి, సరే. డాక్టరు ముందు, జడ్జి ముందు నాకు మనిషి కావాలి. బొమ్మ నాకు చెప్పగలదు. నేను అర్థం కాలేదంటే దానికి తెలుస్తుందా?"

ఈ మాట ఇతనొక్కడిదే కాదు. ప్రపంచ బధిరుల సమాఖ్య, సైగల అనువాదకుల ప్రపంచ సంఘం కలిసి 2018లో ఒక ప్రకటన చేశాయి. ముందే రికార్డు చేసిన, మారని సమాచారానికి బొమ్మలు పనికొస్తాయి గానీ, మనిషి చేసే అనువాదానికి బదులుగా వాటిని పెట్టొద్దని దాని సారాంశం. బొమ్మ చవగ్గా దొరికితే మనిషిని తీసేస్తారేమోనన్న భయం ఉత్త భయం కాదు. మిలాన్ చూసినవాళ్లకి ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది.

ప్లేబ్యాక్ చేతులు

మన సినిమాల్లో హీరో పెదవులు కదుపుతాడు, పాడేది వేరొకరు. ఆ ప్లేబ్యాక్ సింగరుకు సంగీతం రాకపోతే హీరో ఎంత అందగాడైనా పాట తేలిపోతుంది. కంప్యూటర్ బొమ్మకు కూడా ప్లేబ్యాక్ కావాలి. గొంతు ప్లేబ్యాక్ కాదు, చేతుల ప్లేబ్యాక్. సూటులో ఉన్న మనిషికి సైగలు పుట్టుభాష కాకపోతే, వంద కెమెరాలు పెట్టినా పట్టేది యాస తప్పిన భాషే. తీసింది బాగుందో లేదో చెప్పాల్సింది కూడా ఆ భాషలో కలలు కనేవాళ్లే. మన కళ్లకు బ్రహ్మాండంగా కనబడటం దానికి కొలత కాదు.

గాలొడెట్ ఈ పాఠాన్ని 1988 మార్చిలో ప్రపంచానికి చెప్పింది. కొత్త ప్రెసిడెంటు పదవికి ముగ్గురు మిగిలారు. ఇద్దరు బధిరులు, ఒకరు వినగలిగే ఆవిడ. బోర్డు ఆవిడనే ఎంచింది. 124 ఏళ్లుగా ఒక్క బధిరుడికీ ఆ కుర్చీ దక్కలేదు. విద్యార్థులు గేట్లు మూసేశారు, ఊరేగింపుగా పార్లమెంటు భవనం దాకా నడిచారు. వారం తిరక్కుండా ఆవిడ తప్పుకుంది. ఐ. కింగ్ జోర్డన్ మొదటి బధిర ప్రెసిడెంటయ్యాడు. మా గురించిన పని మా చేతుల్లో ఉండాలి అన్నదే ఆ పోరాటం. ఇప్పుడు మోషన్ క్యాప్చర్ గదిలో అడగాల్సిన ప్రశ్న కూడా అదే. సూటులో ఎవరున్నారు, కెమెరా వెనక ఎవరున్నారు, ఓకే చెప్పేది ఎవరు?

మన సంగతికొస్తే, ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో వచ్చింది. అది తయారుచేసిన నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై 2021కి 10,000 దాటింది. నిజమైన మనుషులు సైగలు చేసి చూపించే వీడియోలవి. రేపు మన దగ్గర ఎవరైనా సైగల బొమ్మను తయారుచేయాలన్నా అమెరికా చేతులు అరువు తెచ్చుకుంటే కుదరదు. మన బధిరుల చేతులే కావాలి. హాళ్లలో వినబడని ప్రేక్షకుల కోసం తెర మీద మాటలు వేయాలని 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మీ పక్క సీట్లో కూర్చునే మనిషి సంగతి ఇది, ఎక్కడో అమెరికా కబురు కాదు.

లింకన్ చేతులు

వాషింగ్టన్ వదిలే ముందు సాయంత్రం లింకన్ స్మారక మందిరానికి వెళ్లాను. పాలరాతి లింకన్ పెద్ద కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎడమ చెయ్యి పిడికిలి, కుడి చెయ్యి కాస్త విప్పి. ఆ చేతులు సైగల్లో 'ఏ', 'ఎల్' అంటున్నాయని, అంటే అబ్రహాం లింకన్ అని, ఊళ్లో కథ. విగ్రహాన్ని చూసుకునే జాతీయ పార్కుల శాఖ అది ఉత్త కథే అంటుంది. కానీ కథకు ఊతం ఉంది. ఈ శిల్పి కూడా డేనియల్ చెస్టర్ ఫ్రెంచే! ఆలిస్‌కి 'ఏ' అక్షరం పట్టించిన మనిషి. పైగా గాలొడెట్ పత్రాల మీద సంతకం పెట్టింది ఈ లింకనే.

మెట్ల మీద ఒక కుటుంబం. నాన్న, అమ్మ, నాలుగేళ్ల పాప. పాప విగ్రహాన్ని చూపించి చేతులతో ఏదో అడిగింది. కనుబొమలు బాగా పైకి లేచాయి. అది ప్రశ్న అని ఇప్పుడు నాక్కూడా తెలుసు. అమ్మ వంగి జవాబు చెప్పింది. పాపకు నచ్చలేదు, తల అడ్డంగా ఊపి మళ్లీ అడిగింది. అమ్మ ఈసారి ఇంకోలా చెప్పింది.

ఈసారి చుక్కల సూటు సినిమా చూసినప్పుడు టైటిల్స్ అయ్యేదాకా కూర్చోండి. ఆ చేతులు ఎవరివో పేరు వేశారేమో చూడండి.